పెరటి గరాజ్‌కి సబ్‌ప్యానెల్: అమెరికాలో సొంతిల్లు ఉన్నవాళ్ళ కోసం

ఇంటికి ఆనుకోకుండా పెరట్లో విడిగా ఉండే గరాజ్‌లో మామూలుగా ఒక బల్బు, ఒక ప్లగ్గు ఉంటాయి. పాత ఇల్లయితే అవీ ఉండకపోవచ్చు. ఎలక్ట్రిక్ కారు కొన్నాకో, వడ్రంగం మీద మోజు పుట్టి టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం) తెచ్చుకున్నాకో ఆ ఒక్క ప్లగ్గు చాలదని తెలిసొస్తుంది. అప్పుడు ఇంట్లోని మెయిన్ ప్యానెల్ నుంచి భూమిలోంచి ఒక లావుపాటి లైను లాగి, గరాజ్‌లో మరో చిన్న ప్యానెల్ పెట్టుకోవాలి. ఇక్కడ దాన్ని సబ్‌ప్యానెల్ అంటారు. మన దగ్గర పై అంతస్తుకి వేరే డీబీ పెట్టించుకుంటాం కదా, అలాంటిదే.

చేతిపని చూస్తే ఇందులో పెద్ద కష్టం లేదు. మట్టి తవ్వడం, పైపు అతికించడం, వైరు లాగడం, స్క్రూలు బిగించడం, అంతే. చాలామంది పొరపాటు పడేది రెండు చోట్ల. ఒకటి, తవ్వకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు. రెండోది, గరాజ్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ గ్రౌండ్‌నీ విడివిడిగా ఉంచడం. రెండోదాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అది తప్పుగా ఉన్నా లైట్లు వెలుగుతాయి, కారు చార్జ్ అవుతుంది, తప్పు మాత్రం ఏళ్ళ తరబడి కనపడదు.

ముందు మన ఊరి అలవాట్లు పక్కన పెట్టండి

ఇండియాలో వైరింగ్ చూసి పెరిగినవాళ్ళకి ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికాలో నలుపు వైరే ఫేజు, దాన్ని హాట్ అంటారు. ఎరుపు రెండో హాట్. న్యూట్రల్ తెల్లగా ఉంటుంది. గ్రౌండ్ ఆకుపచ్చగానో, తొడుగు లేని రాగి తీగగానో ఉంటుంది. "నల్ల వైరే కదా" అని చెయ్యి పెట్టే అలవాటు మీకున్నా, సాయం వచ్చిన బావమరిదికి ఉన్నా, పని మొదలుపెట్టకముందే ఈ ముక్క గట్టిగా చెప్పుకోండి. రంగును నమ్మి ఏ వైరూ ముట్టుకోవద్దు, మీటరు పెట్టి చూశాకే ముట్టుకోండి.

వోల్టేజీ కూడా వేరు. మన దగ్గర ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి రెండు హాట్ వైర్లు వస్తాయి. ఆ రెండింటి మధ్య 240, ఏ ఒక్కదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120. లైట్లు, ప్లగ్గులు 120 మీద నడుస్తాయి. డ్రయ్యరు, కారు చార్జరు రెండు హాట్‌ల మధ్య 240 మీద నడుస్తాయి. అందుకే గరాజ్‌కి వెళ్ళే లైనులో నాలుగు వైర్లు ఉండాలి: రెండు హాట్‌లు, ఒక న్యూట్రల్, ఒక గ్రౌండ్. ఈ లైనునే ఫీడర్ అంటారు. పాత గరాజ్‌లు కొన్నిటికి మూడే వైర్లు వెళ్ళి ఉంటాయి. అప్పట్లో కోడ్, అంటే కరెంటు పనుల నిబంధనల పుస్తకం, దానికి ఒప్పుకునేది. కొత్తగా వేస్తే మాత్రం నాలుగూ ఉండాల్సిందే.

మీకు నిజంగా సబ్‌ప్యానెల్ కావాలా?

రెండు లైట్లు, గరాజ్ తలుపు మోటారు, బ్యాటరీలు చార్జ్ చేసుకునే ప్లగ్గు చాలనుకుంటే అవసరం లేదు. 20 ఆంపుల సర్క్యూట్ ఒకటి భూమిలోంచి లాగి, గరాజ్‌లోకి రాగానే ఒక స్విచ్ పెడితే సరిపోతుంది. గ్రౌండ్ వైరుతో కలిపి ఒకే సర్క్యూట్ వెళ్తే గ్రౌండ్ రాడ్లు కూడా పాతక్కర్లేదు.

అయితే ఒక చిక్కుంది. మామూలు పరిస్థితుల్లో విడిగా ఉన్న కట్టడానికి ఇంటి నుంచి ఒకే ఒక్క లైను వెళ్ళాలని కోడ్ చెబుతుంది. ఈ ఏడాది ఒక సర్క్యూట్ లాగి, రెండేళ్ళ తర్వాత చార్జర్ కోసం ఇంకొకటి పక్కనే లాగుతానంటే ఒప్పుకోరు. కారు మార్చే ఆలోచన దగ్గర్లో ఉంటే ఇప్పుడే సబ్‌ప్యానెల్‌కి వెళ్ళండి. కనీసం పైపైనా పెద్దది వేసి పెట్టుకోండి.

ఇంట్లో అంత కరెంటు ఉందా?

సబ్‌ప్యానెల్ పెట్టినంత మాత్రాన కొత్తగా కరెంటు రాదు. ఇంటికి వచ్చేదాంట్లోంచే పంచుకోవాలి. మెయిన్ బ్రేకర్ మీద 100 అనో, 150 అనో, 200 అనో రాసి ఉంటుంది. ఖాళీ స్లాట్లు ఉన్నాయి కదా అని అక్కడితో ఆగిపోవద్దు, లోడ్ లెక్క కట్టండి.

ఇళ్ళకి కోడ్‌లో ఒక సులువైన పద్ధతి ఉంది. ఇంటి విస్తీర్ణంలో చదరపు అడుగుకి 3 చొప్పున వోల్ట్-ఆంపులు వేసుకోవాలి. వంటింటి ప్లగ్గుల సర్క్యూట్లు రెండిటికీ, లాండ్రీకీ తలా 1,500 కలపాలి. తర్వాత కదలకుండా బిగించిన ఉపకరణాల మీద రాసి ఉన్న అంకెలు కలపాలి. వచ్చిన మొత్తంలో మొదటి 10,000 పూర్తిగా, మిగతాది 40 శాతమే లెక్కలోకి వస్తుంది. ఏసీ, హీటింగ్ రెండిట్లో ఎక్కువున్నదాన్ని ఆ పైన కలుపుతారు.

2,400 చదరపు అడుగుల ఇల్లు, గ్యాస్ పొయ్యి, గ్యాస్ వాటర్ హీటర్ అనుకుందాం. విస్తీర్ణానికి 7,200, ఆ మూడు సర్క్యూట్లకి 4,500. డ్రయ్యర్ 5,000, డిష్‌వాషర్ 1,200, మైక్రోవేవ్ 1,500, సింకు కింది డిస్పోజర్ 600. మొత్తం 20,000. తగ్గింపు తర్వాత 14,000. ఏసీకి 5,000 కలిపితే 19,000. ఇప్పుడు గరాజ్ సంగతి. 32 ఆంపుల చార్జర్ 240 మీద 7,680 తీసుకుంటుంది. గంటల తరబడి నడిచేది కాబట్టి దాన్ని 125 శాతంగా చూస్తే 9,600. గరాజ్ ప్లగ్గులకి 1,500. అన్నీ కలిపి 30,100. దాన్ని 240తో భాగిస్తే దాదాపు 125 ఆంపులు. ఈ ఇంటికి 150 ఆంపుల సర్వీస్ (కరెంటు కంపెనీ నుంచి ఇంటికి వచ్చే కనెక్షన్) ఉంటే సరిపోతుంది, 100 అయితే చాలదు. చార్జర్‌ని తగ్గింపు లేకుండా పూర్తిగా కలిపాను, అదే భద్రం.

లెక్క కుదరకపోతే సర్వీస్ పెంచుకోవడం ఒక్కటే దారి కాదు. చార్జర్ సెట్టింగ్ తగ్గించుకోవచ్చు. రాత్రంతా కారు అక్కడే ఉంటుంది కాబట్టి 16 ఆంపులు కూడా చాలామందికి సరిపోతాయి. ఇంటి వాడకాన్ని గమనిస్తూ చార్జర్‌ని తగ్గించే పరికరాలు కూడా దొరుకుతున్నాయి.

పర్మిట్

ఇది దాటేయాలని చూడకండి. టెక్సస్, న్యూజెర్సీ లాంటి చోట్ల తన ఇంట్లో తనే ఉంటున్న యజమాని లైసెన్స్ లేకపోయినా ఎలక్ట్రికల్ పని చేసుకోవచ్చు. కానీ సిటీ పర్మిట్, ఇన్‌స్పెక్షన్ మామూలే. పెట్టుబడి కోసం కొని అద్దెకిచ్చిన ఇల్లయితే ఈ వెసులుబాటు ఉండదు, అక్కడ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. ఎన్ఈసీ అనే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ మూడేళ్ళకోసారి మారుతుంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో ఎడిషన్ మీద ఉంటుంది, పైగా ఊరి సవరణలు వేరు. షికాగోలో ఇళ్ళలోపల కూడా వైర్లన్నీ లోహపు పైపులోనే వెళ్ళాలంటారు. ఈ వ్యాసంలోని అంకెలు ఎన్ఈసీవి. మీ ఊరి బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఏ ఎడిషన్ నడుస్తోందో, యజమాని చేసుకోవచ్చో లేదో అడిగాకే ముందుకెళ్ళండి. హెచ్ఓఏ (కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే పెరడు తవ్వే ముందు వాళ్ళకీ ఒక మాట చెప్పండి.

60 ఆంపులా, 100 ఆంపులా?

32 ఆంపుల చార్జర్‌కి 40 ఆంపుల సర్క్యూట్ కావాలి, 48 ఆంపుల చార్జర్‌కి 60. కాబట్టి చిన్న చార్జరు, లైట్లు, కొద్దిపాటి పనిముట్లు అయితే 60 ఆంపుల ఫీడర్ చాలు. పెద్ద చార్జరు, వెల్డింగ్ మిషను, శీతాకాలంలో ఎలక్ట్రిక్ హీటరు అంటే 100కి వెళ్ళాలి.

పైపులో లాగే వైర్లకి, వేడి 75 డిగ్రీల సెల్సియస్ దాకా అనుకునే లెక్కలో, 60 ఆంపులకి 6 గేజ్ రాగి గానీ 4 గేజ్ అల్యూమినియం గానీ వాడాలి. గ్రౌండ్‌కి 10 గేజ్ రాగి సరిపోతుంది. 100 ఆంపులకైతే 3 గేజ్ రాగి, లేదా 1 గేజ్ అల్యూమినియం, గ్రౌండ్ 8 గేజ్ రాగి. ఇక్కడి గేజ్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. అల్యూమినియం అనగానే ముఖం చిట్లించే వాళ్ళున్నారు. లావుపాటి ఫీడర్‌కి అది బాగానే పనికొస్తుంది, డబ్బూ కలిసొస్తుంది. చివర్లని వైర్ బ్రష్‌తో గీకి, ఆక్సైడ్ పట్టకుండా పేస్ట్ రాసి, చెప్పినంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తే చాలు.

వైరు తొడుగు మీద టీహెచ్‌డబ్ల్యూఎన్-2 లేదా ఎక్స్‌హెచ్‌హెచ్‌డబ్ల్యూ-2 అని అచ్చువేసి ఉండాలి. అందులో డబ్ల్యూ అక్షరమే ముఖ్యం, అది తడికి ఓర్చుకుంటుందని గుర్తు. భూమిలో పైపు ఎంత గట్టిగా అతికించినా లోపల చెమ్మ చేరుతుంది, కోడ్ కూడా దాన్ని తడి ప్రదేశంగానే లెక్కేస్తుంది. ఇంట్లో గోడల్లో వాడే పసుపు, నారింజ తొడుగుల ఎన్ఎం కేబుల్‌ని ఆ పైపులో వేయకూడదు.

దూరం కూడా చూసుకోండి. 6 గేజ్ రాగితో 100 అడుగుల దూరానికి 40 ఆంపులు లాగితే దాదాపు 4 వోల్టులు పడిపోతాయి, అంటే 240లో 1.6 శాతం. ఫీడర్‌లో 3 శాతం లోపు ఉంటే మంచిదంటారు. పెరడు మరీ పొడుగైతే వైరు ఒక సైజు పెంచండి.

811కి ఫోన్, ఆ తర్వాతే గునపం

గునపం దించడానికి కనీసం రెండు మూడు పనిదినాల ముందు, భూమిలోని లైన్లు ఎక్కడున్నాయో గుర్తించే సేవ 811కి ఫోన్ చేయండి. ఉచితం. వాళ్ళ మనుషులు వచ్చి నేల మీద రంగులు చల్లి వెళ్తారు. ఎరుపు కరెంటుకి, పసుపు గ్యాస్‌కి, నీలం మంచినీళ్ళకి, నారింజ ఫోను, ఇంటర్నెట్‌కి, ఆకుపచ్చ మురుగునీటికి. కంపెనీల లైన్లనే వాళ్ళు గుర్తిస్తారు. మీ స్ప్రింక్లర్ పైపులు, ఈతకొలను వైర్లు, పాత యజమాని బార్బెక్యూకి వేసుకున్న గ్యాస్ గొట్టం వాళ్ళకి తెలియవు. రంగు గీతకి దగ్గర్లో యంత్రం వాడొద్దు, పారతో చేత్తో తవ్వండి.

పీవీసీ పైపయితే దాని పైభాగానికి మీద 18 అంగుళాల మట్టి ఉండాలి. పైపు లేకుండా నేరుగా పాతే కేబుల్‌కి 24 అంగుళాలు, దళసరి ఉక్కు పైపు ఆర్‌ఎంసీకి 6. ఇంటి డ్రైవ్‌వే కింద నుంచి వెళ్తే అన్నిటికీ 18. నన్నడిగితే పీవీసీయే. ఎప్పుడైనా వైరు చెడితే తవ్వకుండా లాగి మార్చుకోవచ్చు. కందకం 20 అంగుళాలు దాటేలా తవ్వండి, ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిచినప్పుడు అర అంగుళం తక్కువైతే మళ్ళీ తవ్వాలి. పొడుగు ఎక్కువైతే హోమ్ డిపో లాంటి చోట ట్రెంచర్ ఒక పూటకి అద్దెకి దొరుకుతుంది.

ఆ కందకంలోనే ఇంటర్నెట్ కేబుల్ కోసం ఇంకో పైపు వేసేయండి. కరెంటు వైర్లున్న పైపులో డేటా కేబుల్ వేయకూడదు. ఒకసారి గడ్డి మొలిచాక మళ్ళీ ఎవరూ తవ్వరు.

పైపు, వైరు

మట్టిలో షెడ్యూల్ 40 పీవీసీ చాలు. నేలలోంచి పైకి లేచి గోడ వెంట వెళ్ళే చోట, దెబ్బ తగిలే అవకాశం ఉన్న చోట ఇంకా మందంగా ఉండే షెడ్యూల్ 80 వాడాలి. సైజు విషయంలో పిసినారితనం వద్దు. 60 ఆంపుల రాగి వైర్లకి ముప్పావు అంగుళం షెడ్యూల్ 40 పైపు లెక్కకి సరిపోతుంది, కానీ లాగేటప్పుడు చుక్కలు కనపడతాయి. 100 ఆంపుల రాగి వైర్లకి ఒక అంగుళం షెడ్యూల్ 80 లెక్కకే చాలదు. రెండిట్లో ఏదైనా ఒకటింపావు అంగుళం వేయండి. రేపు వైరు పెంచాలనుకున్నా పైపు అక్కడే ఉంటుంది.

ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెదాకా పైపు వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు మించకూడదు, అంటే నాలుగు మూలలు. అంతకంటే తక్కువ ఉంటేనే వైరు హాయిగా వస్తుంది. పైపు నేలలోంచి పైకి వచ్చే చోట ఎక్స్‌పాన్షన్ ఫిట్టింగ్ పెట్టండి. చలికి నేల ఉబ్బినా, వానకి మట్టి కుంగినా ప్యానెల్‌ని పట్టి లాగకుండా అది సర్దుకుంటుంది. జాయింట్లన్నీ జిగురుతో అతికించి, మొత్తం పైపు పూర్తయ్యాకే వైరు లాగాలి. జిగురు తడిగా ఉండగా వైరు లోపల ఉంటే దాని తొడుగు పాడవుతుంది.

వైరు లాగడానికి ముందు తాడు అటు చేరాలి. చిన్న ప్లాస్టిక్ కవర్‌ని ఉండలా చేసి సన్నని తాడుకి కట్టి పైపులో పెట్టండి, అటు చివర వ్యాక్యూమ్ క్లీనర్ ఆన్ చేస్తే క్షణాల్లో అటు వచ్చేస్తుంది. దానికి గట్టి తాడు, గట్టి తాడుకి నాలుగు వైర్లు. వైర్ల తలలు ఒకేచోట లావుగా కట్టకుండా ఒకదాని వెనక ఒకటి మెట్లుగా పెట్టి టేపు చుట్టండి. వైర్లకి రాసే లూబ్రికెంట్ ధారాళంగా పూయండి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇటువైపు చుట్టలు విప్పుతూ తోయాలి. ఒంటరిగా చేసే పని కాదిది.

మట్టి కప్పకండి. ముందు ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆయన సరేనన్నాక పదునైన రాళ్ళు ఏరేసి మట్టి నింపి, పైపుకి అడుగు ఎత్తున ఎర్రటి హెచ్చరిక టేపు పరవండి. రేపు ఇంకెవరైనా తవ్వితే వాళ్ళకి ముందు అది తగులుతుంది.

గరాజ్‌లో ప్యానెల్

ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున ఖాళీ ఉండాలి. అక్కడ అల్మరా, పచ్చడి జాడీలు, రెండో ఫ్రిజ్ ఏవీ పెట్టడానికి లేదు. గరాజ్‌కి కరెంటు మొత్తం ఆపేసే స్విచ్, వైరు లోపలికి వచ్చే చోటికి దగ్గర్లో ఉండాలి. మెయిన్ బ్రేకర్ ఉన్న ప్యానెల్ కొంటే అదే ఆ స్విచ్ అవుతుంది. 60 ఆంపుల ఫీడర్ వెళ్ళే చోట 100 ఆంపుల మెయిన్ బ్రేకర్ ఉన్న ప్యానెల్ పెట్టొచ్చు, తప్పేం లేదు. అది స్విచ్‌గానే పనిచేస్తుంది, ఫీడర్‌ని కాపాడేది ఇంట్లోని 60 బ్రేకర్. స్లాట్లు అనుకున్నదానికి రెట్టింపు ఉన్న ప్యానెల్ తీసుకోండి, ధరలో తేడా కొంచెమే. బ్రేకర్లు ప్యానెల్ తలుపు మీది లేబుల్‌లో చెప్పినవే వాడాలి. స్క్వేర్ డీ ప్యానెల్‌లో సీమెన్స్ బ్రేకర్ పట్టినట్టే కూర్చున్నా, లేబుల్‌లో లేకపోతే పెట్టకూడదు.

న్యూట్రల్, గ్రౌండ్ ఎందుకు కలవకూడదు

ఇంట్లోని మెయిన్ ప్యానెల్ తెరిచి చూస్తే తెల్ల వైర్లు, రాగి వైర్లు ఒకే బార్ (వైర్లు బిగించే లోహపు పట్టీ) మీద కలిసి ఉండొచ్చు. అది చూసి గరాజ్‌లో కూడా అలాగే చేసేస్తారు. తప్పంతా అక్కడే మొదలవుతుంది. న్యూట్రల్, గ్రౌండ్ ఒకే ఒక్క చోట కలవాలి, అది ఇంటి సర్వీస్ మొదలయ్యే చోట. ఆ తర్వాత ఎక్కడా కలవకూడదు.

కలిస్తే ఏమవుతుంది? గరాజ్‌లో లైటు వేస్తే తిరిగి వెళ్ళాల్సిన కరెంటుకి రెండు దారులు దొరుకుతాయి, తెల్ల వైరు ఒకటి, గ్రౌండ్ వైరు ఇంకొకటి. ప్యానెల్ డబ్బా, మిషన్ల లోహపు ఒళ్ళు, కారుకి తగిలించే చార్జర్ అన్నీ గ్రౌండ్‌కే తగిలి ఉన్నాయి కదా. అక్కడితో అయిపోదు. ఏదో ఒకరోజు న్యూట్రల్ వైరు ఒక చోట వదులైతే కరెంటంతా గ్రౌండ్ వైరు మీదకి మళ్ళుతుంది. అది కూడా తెగితే గరాజ్‌లో ఏ లోహాన్ని ముట్టుకున్నా 120 వోల్టులు కొట్టే అవకాశం ఉంది. ఏ బ్రేకరూ పడదు.

చేయాల్సింది ఇది. కొత్త ప్యానెల్‌తో ఒక ఆకుపచ్చ స్క్రూ గానీ, చిన్న లోహపు పట్టీ గానీ వస్తుంది. న్యూట్రల్ బార్‌ని డబ్బాకి కలిపేది అదే. దాన్ని పెట్టకండి, ముందే బిగించి ఉంటే తీసేయండి. న్యూట్రల్ బార్ ప్లాస్టిక్ ఆధారాల మీద డబ్బాకి తగలకుండా ఉండాలి. గ్రౌండ్ బార్ చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి, ఆ ప్యానెల్ కంపెనీదే తెచ్చి నేరుగా డబ్బాకి బిగించండి. తెల్ల వైర్లన్నీ న్యూట్రల్ బార్‌కి, ఒక రంధ్రంలో ఒక్కటే. రాగి, ఆకుపచ్చ వైర్లన్నీ గ్రౌండ్ బార్‌కి. 4 గేజ్ అంతకంటే లావు వైర్లయితే నల్లతొడుగు మీద తెల్ల టేపు చుట్టి న్యూట్రల్‌గా గుర్తు పెట్టొచ్చు. 6 గేజ్ అంతకంటే సన్నవైతే అసలు తొడుగే తెల్లగా ఉండాలి.

రాడ్లు: ఎర్తింగ్ పిట్ అనుకోకండి

గరాజ్‌కి దాని సొంత గ్రౌండ్ రాడ్లు కావాలి. ఒక్కోటి 8 అడుగులు, పూర్తిగా నేలలోకి దిగాలి. ఒకే రాడ్‌తో 25 ఓమ్‌ల లోపు వస్తుందని నిరూపించే బదులు అందరూ రెండు పాతేస్తారు, మధ్య దూరం కనీసం 6 అడుగులు. 6 గేజ్ రాగి తీగ గ్రౌండ్ బార్ నుంచి బయల్దేరి తెగకుండా రెండిటికీ వెళ్ళాలి. భూమిలో పాతడానికి ఒప్పుకున్న క్లాంప్ వాడండి. రాయి తగిలి దిగకపోతే 45 డిగ్రీల దాకా వంచి కొట్టొచ్చు. గరాజ్ కొత్తగా కడుతుంటే కాంక్రీట్ పోయకముందే పునాది ఇనుముకి గ్రౌండ్ కలిపే సంగతి బిల్డర్‌తో మాట్లాడండి.

"ఎర్తింగ్ బాగా చేశాం, ఇంటి నుంచి గ్రౌండ్ వైరు ఎందుకు?" అని అడుగుతుంటారు. లెక్క చూడండి. 120 వోల్టుల హాట్ వైరు మిషన్ ఒంటికి తగిలింది, దారి మట్టిలోంచి 25 ఓమ్‌లు. వెళ్ళే కరెంటు 4.8 ఆంపులు. 15 ఆంపుల బ్రేకర్ కూడా దానికి కదలదు, మిషన్ ఒళ్ళు అలాగే కరెంటుతో ఉంటుంది. రాడ్లు పిడుగుల కోసం, వోల్టేజీ ఎగసిపాట్ల కోసం. బ్రేకర్‌ని పడగొట్టేది ఇంటికి తిరిగి వెళ్ళే ఆ నాలుగో వైరే.

గరాజ్ లోపలి సర్క్యూట్లు

ఇక్కడ పెద్దగా చెప్పాల్సింది లేదు. కారు నిలిపే ప్రతి చోటుకీ కనీసం ఒక ప్లగ్గు, 20 ఆంపుల సర్క్యూట్ మీద, 12 గేజ్ రాగితో. లైట్లు వేరే సర్క్యూట్ మీద పెట్టండి, రంపం నడుస్తుండగా బ్రేకర్ పడితే చీకట్లో నిలబడాల్సి వస్తుంది. ప్లగ్గులన్నిటికీ జీఎఫ్‌సీఐ రక్షణ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు, ఉండాలి. మన దగ్గరి ఆర్‌సీసీబీ లాంటిదే, కాకపోతే అది 30 మిల్లీ ఆంపులకి పడితే ఇది 4 నుంచి 6కే పడుతుంది. కారు చార్జర్‌ని ప్లగ్గుతో కాకుండా నేరుగా వైరుతో బిగించడమే నయం. రోజూ గంటల తరబడి నిండు లోడు మోసే చోట చవక రకం సాకెట్లు కాలి నల్లబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి.

మెయిన్ ప్యానెల్‌లో ఆఖరి కనెక్షన్

మెయిన్ బ్రేకర్ ఆపేశాక కూడా చాలా ప్యానెళ్ళలో మీటరు నుంచి వచ్చే లావుపాటి వైర్లు, అవి బిగించిన లగ్‌లు బతికే ఉంటాయి. వాటిని ఆపే స్విచ్ ఇంట్లో ఉండదు. వాటి ముందు ఫ్యూజు లాంటిది ఉన్నా అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే, అది తెగేలోపే మనిషి కాలిపోతాడు. ప్యానెళ్ళ లోపల పని చేసిన అనుభవం మీకు లేకపోతే ఈ ఒక్క ముక్కా ఎలక్ట్రీషియన్‌కి వదిలేయమంటాను. తవ్వడం, పైపు, గరాజ్ ప్యానెల్ మీరు చేసుకున్నా మొత్తం ఖర్చులో పెద్ద భాగం మిగిలినట్టే. అయితే వేరేవాళ్ళు వేసిన లైనుని కలపడానికి ఒప్పుకోని ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు, తవ్వకముందే మాట్లాడుకోండి.

పని ఇది: రెండు పక్కపక్క స్లాట్లలో రెండు పోల్‌ల 60 గానీ 100 గానీ బ్రేకర్, నలుపు, ఎరుపు దానికి, తెలుపు న్యూట్రల్ బార్‌కి, గ్రౌండ్ గ్రౌండ్ బార్‌కి. రెండు చివర్లా లగ్‌లు టార్క్ స్క్రూడ్రైవర్‌తో, లేబుల్ మీద రాసిన అంకెకి బిగించాలి. "చేతికి గట్టిగా అనిపించింది" అంటే కోడ్ ఒప్పుకోదు. పైపు ఇంట్లోకి వచ్చే నోటిని డక్ట్ సీల్ ముద్దతో మూసేయండి, లేకపోతే పెరట్లోని తేమంతా ప్యానెల్‌లోకి చేరుతుంది.

కరెంటు ఇచ్చే ముందు, ఇచ్చాక

కరెంటు లేకుండానే మొదటి పరీక్ష. గరాజ్ ప్యానెల్‌లో ఫీడర్ న్యూట్రల్‌ని విప్పి, బ్రేకర్లన్నీ ఆపి, ఉపకరణాలు తీసేసి, న్యూట్రల్ బార్‌కీ గ్రౌండ్ బార్‌కీ మధ్య మల్టీమీటర్ కంటిన్యూటీ పెట్టండి. బీప్ రాకూడదు. వస్తే ఆ ఆకుపచ్చ స్క్రూ ఎక్కడో మిగిలింది, లేదా ఏదో సాకెట్‌లో రాగి తీగ తెల్ల స్క్రూకి తగులుతోంది. అది దొరికేదాకా ముందుకెళ్ళొద్దు. దొరికాక న్యూట్రల్ మళ్ళీ టార్క్‌తో బిగించండి.

గరాజ్ మెయిన్ ఆపి ఉంచి ఇంట్లో ఫీడర్ బ్రేకర్ వేయండి. గరాజ్ లగ్‌ల దగ్గర రెండు హాట్‌ల మధ్య 240 దరిదాపుల్లో, ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ 120, ఒక్కోదానికీ గ్రౌండ్‌కీ 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ దాదాపు సున్నా చూపించాలి. ఒక వైపు 90, ఇంకో వైపు 150 లాంటి అంకెలు వస్తే న్యూట్రల్ వదులుగా ఉన్నట్టు. వెంటనే ఆపేయండి, ఆ వోల్టేజీకి తలుపు మోటారు లాంటి 120 మీద నడిచేవి నిమిషాల్లో పోతాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కో బ్రేకరూ వేస్తూ, ప్రతి జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

ఆఖరి ఇన్‌స్పెక్షన్‌కి ముందు ప్యానెల్ తలుపు లోపలి పట్టికలో ఏ బ్రేకర్ దేనికో స్పష్టంగా రాయండి. "ప్లగ్గులు" అని కాకుండా "తూర్పు గోడ ప్లగ్గులు" అని. వాడని స్లాట్లకి ఖాళీ మూతలు పెట్టండి, ఇన్‌స్పెక్టర్ల కంటికి ముందు పడేవి అవే. పాసయ్యాక వచ్చే సంతకం కాగితాన్ని కందకం మూయకముందు తీసిన ఫొటోలతో కలిపి ఇంటి కాగితాల్లో దాచండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ గరాజ్ ప్యానెల్ చూసి మొదట అడిగేది దాని పర్మిటే.